పాడుతా తీయగా చూసి, ఎదుటివాళ్ల తప్పు ఎలా చెప్పాలో నేను నేర్చుకున్నాను. మీరేం నేర్చుకున్నారు?

భవానీనగర్ టైలరక్క:
అందరికీ నమస్తే. తిరుపతి భవానీనగర్‌లో లేడీస్ టైలరింగ్ షాపు నాది. పదిహేడేళ్లుగా ఇదే పని, బ్లౌజులు, లంగా ఓణీలు, పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్కు. ఎప్పుడూ ముగ్గురు నలుగురు అమ్మాయిలు నా దగ్గర పని నేర్చుకుంటూ ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఒక టీవీ ప్రోగ్రాం గురించే, కానీ షాపులో జరిగింది ముందు చెప్పకపోతే అది అర్థం కాదు.

పోయిన శ్రావణమాసం. రాత్రి పదకొండు దాకా మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. చంద్రగిరి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి ఉంది, పందొమ్మిదేళ్లు ఉంటాయి, చేతి కుట్టు చాలా నీటుగా వేస్తుంది. కటింగ్ ఇచ్చి చూద్దామని పెళ్లికూతురి పట్టు బ్లౌజు ఇచ్చాను. ఆది బ్లౌజు పక్కనే పెట్టుకుని కూడా వెనక మెడ రెండంగుళాలు లోతు ఎక్కువ కోసేసింది. చీరతో వచ్చిన గుడ్డ, ఇంకో ముక్క యాడ తెస్తాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరు కస్టమర్లు కూర్చుని ఉన్నారు, వాళ్ల ముందే "నీ చేతికి కత్తెర ఇచ్చిన నాకు బుద్ధి లేదు" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను. ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. మెడలో టేపు తీసి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

రాత్రిపూట హుక్కులు, హెమ్మింగ్ పని చేసుకునేటప్పుడు ఫోన్లో పాత పాడుతా తీయగా ఎపిసోడ్లు పెట్టుకోవడం నాకు అలవాటు. 1996లో ఈటీవీలో మొదలైనప్పుడు నేను చిన్నపిల్లని, మా ఇంట్లో టీవీ లేదు, ఎదురింటి వాళ్ల మిద్దె మీదికెళ్లి నేల మీద కూర్చుని చూసేదాన్ని. అప్పట్లో పాటల కోసమే. మూడో రోజు రాత్రి పెట్టిన ఎపిసోడ్‌లో పదేళ్ల పిల్ల పాడింది. చరణంలో ఒక మాట మధ్యలో ఊపిరి తీసుకుంది, మాట రెండు ముక్కలైపోయింది. సంగీతం తెలియని నాకే తెలిసిపోయింది. ప్రోగ్రాం నడిపే బాలు గారు, అదే గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు, పాట మొత్తం అయ్యేదాకా అలాగే చిరునవ్వుతో విన్నారు. ఆ తర్వాత పల్లవిలో ఫలానా చోట నువ్వు వేసిన సంగతి (పాటలో గొంతుతో వేసే మెలిక) బాగుందమ్మా అని, ఆ సంగతి తనే పాడి చూపించారు. అప్పుడు చరణం ఎత్తుకుని, ఊపిరి ఎక్కడ తీసుకుంటే మాట విరగదో పాడి చూపించి, మళ్లీ పాడమన్నారు. ఆ పిల్ల మళ్లీ పాడింది. ఈసారి సరిగ్గా పాడింది. హాలంతా చప్పట్లు.

నేను వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. తప్పును ఆయన వదల్లేదు. అందరి ముందే చెప్పారు. కానీ ఆ పిల్ల వేదిక దిగేటప్పటికి తప్పు సరిదిద్దుకునే దిగింది. నా దగ్గర పిల్ల తప్పును మోసుకుంటూ బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. అమ్మాయి, నిన్ను అలా అనకూడదు, రా, ఇద్దరం కలిసి ఆ బ్లౌజు సంగతి చూద్దాం అన్నాను. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది కానీ మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం నా వెంటే వచ్చింది. వెనక మెడకి నెట్ క్లాత్ వేసి, దాని మీద మగ్గం వర్కుతో చిన్న నెమలి దించాం. పెళ్లివాళ్లకి జరిగింది దాచకుండా చెప్పి, ఒప్పుకున్నాకే ఇచ్చాం. ఇప్పుడు కొత్త పిల్లలు ఎవరు తప్పు చేసినా ఆ బట్ట బల్ల మీద పరిచి, కుట్టు నేనే విప్పుతాను, పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ వాళ్ల చేతే కుట్టిస్తాను.

మీలో ఎవరైనా ఆ ప్రోగ్రాం నుంచి ఇలా ఏదైనా తీసుకున్నారా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

కొర్లగుంట కీబోర్డు:
అక్కా, చదువుతుంటే గొంతు పట్టేసింది. నేను పెళ్లిళ్లకి, గుడి ఉత్సవాలకి వాయించే ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. పాడుతా తీయగా నాకు బడి లాంటిది.

కానీ ఒక్క విషయం అడుగుతాను, ఏమీ అనుకోకు. ముందు మెచ్చుకో, తర్వాత తప్పు చెప్పు, ఇది ఈ మధ్య అందరికీ ఒక మందు లాగా అయిపోయింది. నేను ఇంతకుముందు వాయించిన ఒక ట్రూపు లీడర్ ఇలాగే, "తమ్ముడూ నీ చెయ్యి చాలా బాగుంది, కానీ..." అని మొదలుపెడతాడు. ఏడాది తిరిగేసరికి ఆయన బాగుంది అంటేనే నాకు టెన్షన్ మొదలయ్యేది, వెనక ఏదో ఉందని. చివరికి నిజంగా బాగా వాయించిన రోజు కూడా ఆయన మాట నమ్మలేకపోయాను. మరి బాలు గారు చెప్తే ఎందుకు నమ్మేవాళ్లు?

భవానీనగర్ టైలరక్క:
మంచి ప్రశ్న తమ్ముడూ. నేనూ దీని గురించి చాలా ఆలోచించాను. "నీ చెయ్యి బాగుంది" అంటే ఎవరికైనా అనొచ్చు, చూడకుండానే అనొచ్చు. ఆయన అలా అనరు. ఫలానా మాట దగ్గర ఫలానా సంగతి అంటారు, పాడి చూపిస్తారు. అంత వివరంగా చెప్పాలంటే ముందు మనసు పెట్టి వినాలి కదా. నేను మా అమ్మాయికి "నీ పని బాగుంది" అని చెప్పను ఇప్పుడు. "చంక దగ్గర ముడత రాకుండా చెయ్యి ఎక్కించావు, అది నాకు రావడానికి రెండేళ్లు పట్టింది" అని చెప్తాను. బాగా లేనప్పుడు బాగుంది అని మాత్రం అనను. ఆయన కూడా అనగా నేను చూడలేదు.

శ్రీకాళహస్తి మాస్టారు:
అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూళ్లలో చెప్పాను. మీ పోస్టు చూసి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను.

ముందు మన ఊళ్ల మాట చెప్తాను. బాలు గారు 1946 జూన్ 4న కోనేటంపేటలో పుట్టారు, ఇప్పుడది తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. చిన్న చదువు నగరిలో మేనమామ ఇంట్లో ఉండి చదివారు. స్కూల్ ఫైనల్ మా శ్రీకాళహస్తిలో, పియుసి, అంటే అప్పట్లో ఇంటర్ లాంటి చదువు, తిరుపతిలో. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. అంటే ఆయన చెవిలో మొదట పడింది మనం రోజూ వినే ఈ మాటే, సగం వీధి తమిళం, సగం వీధి తెలుగు. అలాంటి చోట పెరిగిన మనిషి ళ కి ల కి, ణ కి న కి, శ కి స కి తేడా చెరగకుండా యాభై ఏళ్లు పాడారు. పిల్లలు ఎవరైనా "శ" ని "స" అని పలికితే ఆగి, ఆ అక్షరం నాలుక ఎక్కడ తగిలి పుడుతుందో చెప్పేవారు. రాగం తప్పితే ఎంత పట్టించుకునేవారో అక్షరం తప్పినా అంతే పట్టించుకునేవారు. తెలుగు టీవీలో అక్షరానికి అంత మర్యాద ఇచ్చిన వినోద కార్యక్రమం నేను ఇంకోటి చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. సత్యవేడు దగ్గర పనిచేస్తున్నప్పుడు ఒక అబ్బాయి, ఇంట్లో తమిళం, బళ్లో తెలుగు. పద్యం చదవమంటే "శాంతి"ని "సాంతి" అన్నాడు, "కళ"ని "కల" అన్నాడు. నేను క్లాసు ముందు వాడిలాగే పలికి చూపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఏడాది అంతా ఆ పిల్లోడు మళ్లీ నోరు విప్పి చదవలేదు. నేను అడిగినా లేచి నిలబడి తల దించుకునేవాడు. అప్పట్లో నేను దాన్ని మొండితనం అనుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత టీవీలో అచ్చం అలాంటి తప్పే చేసిన పిల్లోడికి బాలు గారు చెప్తుంటే చూశాను. ఆయన కూడా ముందు ఆ పిల్లోడు ఎలా పలికాడో అలా పలికారు. నేను చేసిన పనే. కానీ వెంటనే తను ఒక రికార్డింగ్‌లో తప్పు పలికితే పెద్దవాళ్లు ఎలా దిద్దారో చెప్పుకొచ్చారు. పిల్లోడి తప్పు పక్కన తన తప్పు తెచ్చి పెట్టుకున్నారన్నమాట. దాంతో అక్కడ నవ్వేదేమీ లేకపోయింది. నేను ఆ తర్వాత పన్నెండేళ్లు పాఠం చెప్పాను, ఆ పన్నెండేళ్లూ మారాను. కానీ ఆ సత్యవేడు పిల్లోడికి మాత్రం చెప్పుకునే అవకాశం నాకు దొరకలేదు.

నగరి మరమగ్గం:
మాస్టారు గారూ, మాది నగరి. మా ఇంట్లోనూ అవ్వ తమిళమే మాట్లాడేది. ల, ళ తేడా నాకు తెలిసింది బళ్లో కాదు, ఈ ప్రోగ్రాం చూసే. మీరు బాధపడకండి సార్.

నేను తీసుకున్నది వేరే. గమనించారా, పాడే ముందు ప్రతి పిల్లా, ప్రతి పిల్లోడూ సినిమా పేరు, రాసినవారి పేరు, సంగీతం చేసినవారి పేరు, మొదట పాడినవారి పేరు చెప్పి అప్పుడు పాడతారు. పాట ఒకరిది కాదని చిన్నప్పటి నుంచే నాలుక మీద రాసినట్టు. అతిథులుగా పాటలు రాసేవాళ్లు, సంగీత దర్శకులు వచ్చేవాళ్లు, వాళ్లని ఆయన ఎంత పెద్ద చేసి మాట్లాడేవారో. ఆయనే చూడండి, తనకి సినిమాలో మొదటి పాట ఇచ్చిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారి పేరే తను కట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కి పెట్టుకున్నారు. సినిమా పాటల్లో యాభై ఏళ్లు నిండినప్పుడు ఏసుదాసు గారికి పాదపూజ చేశారు. అప్పటికి ఈయనే ఎంత పెద్దవాడు!

మా దగ్గర ఆరు మరమగ్గాలు ఉన్నాయి. పదేళ్ల పాటు నూలు తెచ్చుకుని, నేసి, షావుకారుకి ఇచ్చి కూలి తీసుకోవడమే ఉండేది. చీర షాపులోకి వెళ్లాక అది ఎవరు నేశారో, రంగు ఎవరు అద్దారో, అంచు డిజైను ఎవరు గీశారో ఎవరికీ తెలీదు. మాకే ఒకరి పేరు ఒకరికి తెలీదు. మూడేళ్ల కిందట మా తమ్ముడు వాట్సాప్‌లో నేరుగా అమ్మకం మొదలుపెట్టాడు. అప్పుడు నేను ఒకటే షరతు పెట్టాను, ప్రతి ఫోటో కింద ముగ్గురి పేర్లు ఉండాలని. రంగు వేసినవాళ్లు, డిజైను గీసినవాళ్లు, నేసినవాళ్లు. తమ్ముడు ఒప్పుకోలేదు మొదట్లో, పేర్లు చెప్తే కొనేవాళ్లు నేరుగా వాళ్ల దగ్గరికే పోతారు అన్నాడు. ఒకరిద్దరు పోయారు కూడా, అబద్ధం చెప్పను. కానీ మా రంగులాయన, అరవై దాటిన మనిషి, తన పేరు ఉన్న ఫోటో ప్రింటు తీయించి గోడకి అంటించుకున్నాడు. అప్పటి నుంచి మాకు ఇచ్చే నూలు రంగు ఒక్కసారి కూడా వెలిసింది లేదు. ఇంటికి పిలిచి చూపించాడు ఆ ఫోటో. సంగటి పెట్టి, ఊరిబిండి వేసి, తినేదాకా వదల్లేదు.

రేణిగుంట రైల్వే:
అందరూ బాగా రాశారు, కాదనను. నేనూ చూసినవాణ్ణే. కానీ నా మనసులో మాట చెప్పకపోతే ఈ చర్చకి న్యాయం జరగదు.

ఒకటి, అది టీవీ. మనకి చూపించేది కోసి, అతికించి చూపించేది. తెర వెనక ఆ పిల్లల్ని తల్లిదండ్రులు ఎంత తిట్టారో, ఎన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదో మనకి కనపడదు. రెండు, ఆయన ఎంత మెత్తగా చెప్పినా వారం వారం ఒక పిల్లని ఇంటికి పంపేదే కదా పోటీ అంటే. ఎనిమిదేళ్ల పిల్ల కెమెరా ముందు ఏడుస్తుంటే నాకు చూడబుద్ధి అయ్యేది కాదు. మూడు, టైలరక్క గారికి నా ప్రశ్న. వేదిక మీద ఒక పాటకి పావుగంట కేటాయిస్తారు. మాకు డ్యూటీలో బండి వచ్చే టైముకి పని అయిపోవాలి. అక్కడ పక్కన కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది? నా కింద పదకొండు మంది పనిచేస్తారు. గట్టిగా అనకపోతే ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది.

భవానీనగర్ టైలరక్క:
అన్నా, ప్రాణాల మీదికి వచ్చే పనిలో అరవాల్సిందే, ఆ క్షణంలో ఇంకో దారి లేదు. నా కత్తెర పని మీ పని లాంటిది కాదు, ఒప్పుకుంటాను. కానీ తీరిక సంగతి మాత్రం నేను లెక్క కట్టి చూశాను. నేను అరిచింది రెండు నిమిషాలు. ఆ పిల్ల రాని మూడు రోజులు, సీజన్ మధ్యలో, నేనూ మిగతా ఇద్దరూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. కలిసి విప్పి కుట్టడానికి పట్టింది గంటన్నర. బండి వెళ్లిపోయాక మీ వాళ్లతో కూర్చుని మాట్లాడతారా మీరు? అది తెలుసుకుందామని అడుగుతున్నాను.

రేణిగుంట రైల్వే:
లేదు. బండి వెళ్లిపోగానే ఇంకో బండి పని. నిజం చెప్పాలంటే వెళ్లాక ఆ మాటే ఎత్తను, అయిపోయింది కదా అనుకుంటాను. వాళ్లకి అయిపోయిందో లేదో ఎప్పుడూ అడగలేదు.

పిల్లల పోటీల గురించి మాత్రం నా మాట మారదు.

పీలేరు నర్సమ్మ:
రేణిగుంట అన్న అన్నదాంట్లో నిజం ఉంది. నేను అనుభవించాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు ఒక పాటల పోటీకి తీసుకెళ్లాను. పాడుతా తీయగా కాదు, వేరేది, పేరు వద్దు. రాత్రి బండెక్కి హైదరాబాద్ వెళ్లాం, పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం మూడు దాకా లైన్లో నిలబడ్డాం. ఎండకి పిల్ల గొంతు ఆరిపోయింది. లోపలికి పిలిచి, పల్లవి సగంలో చెయ్యి ఎత్తి "చాలు" అన్నారట. అంతే. ఏం తప్పో చెప్పలేదు, ఏం బాగుందో చెప్పలేదు. తిరుగు బండిలో నేను చేసిన పాపం ఇంకా పెద్దది. ఎన్ని నెలలు ప్రాక్టీసు చేయించాను, ఎంత ఖర్చు పెట్టాను అని దారి పొడుగునా లెక్కలు చెప్పాను. హాస్పిటల్లో డ్యూటీలు మార్చుకుని మరీ వెళ్లాను, ఆ కసి అంతా పిల్ల మీద తీర్చుకున్నాను. అది కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో పాడలేదు. స్నానాల గదిలో కూడా పాడలేదు.

2020 సెప్టెంబరు 25న బాలు గారు పోయిన రోజు నేను కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాను. సాయంత్రం లేచేసరికి టీవీలో పాత ఎపిసోడ్లు వేస్తున్నారు, అమ్మాయి ఒక్కతే కూర్చుని చూస్తోంది. పోటీ నుంచి వెళ్లిపోతున్న ఒక పిల్లని ఆయన దగ్గరికి తీసుకుని, నువ్వు ఇక్కడి నుంచి వెళ్తున్నావు గానీ పాట నీతోనే వస్తుంది అన్నట్టుగా ఏదో చెప్తున్నారు, మాటలు సరిగ్గా గుర్తులేవు. మా అమ్మాయి నా వైపు చూసి, "అమ్మా, నాకు ఎవరూ అలా చెప్పలేదు" అంది.

ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను క్షమించమని అడిగాను. కన్నబిడ్డని క్షమించమని అడగడం అదే మొదటిసారి నాకు. పాడమని మాత్రం అడగలేదు. కొన్ని నెలలకి అదే మొదలుపెట్టింది, వంటింట్లో, బోకులు సర్దుతూ. ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పాడుతుంది. కానీ మైకు పట్టుకోదు, నలుగురి ముందు పాడమంటే చేతులు చల్లబడిపోతాయి.

శ్రీకాళహస్తి మాస్టారు:
అమ్మా, మీ పాపకి ఒక సంగతి చెప్పండి. బాలు గారు కుర్రాడుగా ఉన్నప్పుడు గూడూరులో ఒక పాటల పోటీలో ఆయనకి వచ్చింది రెండో బహుమతి. ఆ సభకి అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు ఆ కుర్రాడి గొంతు మెచ్చుకుని సినిమాల్లో ప్రయత్నం చెయ్యమన్నారు. తర్వాత మద్రాసులో జరిగిన లలిత సంగీతం పోటీలో ఘంటసాల గారు, సంగీత దర్శకులు పెండ్యాల గారు, దక్షిణామూర్తి గారు న్యాయనిర్ణేతలు, అక్కడ మొదటి బహుమతి వచ్చింది. కోదండపాణి గారి చెవిన పడింది అక్కడే. అయినా సినిమాలో మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. మధ్యలో రెండేళ్లు కోదండపాణి గారు ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని సంగీత దర్శకుల దగ్గరికి తిప్పారు. గొంతు ఇంకా లేతగా ఉందని అన్నవాళ్లే ఎక్కువ. ఇంకో మాట, ఆయన కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవారు కాదు, ఆ మాట ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నారు. శంకరాభరణం పాటలకి జాతీయ అవార్డు వచ్చాక కూడా చెప్పుకున్నారు.

తనని ఎవరో చెయ్యి పట్టుకుని తిప్పారు కాబట్టే పిల్లల చెయ్యి పట్టుకోవాలని ఆయనకి తెలిసింది అని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

బంగారుపాళ్యం మామిడి:
నేను ఎక్కువ రాయలేను, ఫోన్లో టైపు చెయ్యడం కష్టం. మాకు నాలుగెకరాల తోతాపురి తోట. మా నాయనకి ఎనభై. గుజ్జు ఫ్యాక్టరీలు లేని రోజుల్లో బండి కట్టుకుని కాయలు అమ్మిన కథ రోజూ చెప్తాడు, అదే కథ. నేను మధ్యలోనే "తెలుసులే నాయనా" అని లేచిపోయేవాణ్ణి. పాడుతా తీయగాలో నాకు నచ్చింది ఒకటే, పాట ఎలా ఉన్నా బాలు గారు చివరిదాకా వినేవారు, మధ్యలో ఆపేవారు కాదు. ఇప్పుడు నాయన కథ పూర్తిగా వింటున్నాను. పోయిన వారం కథ చివర్లో ఎప్పుడూ చెప్పని ముక్క చెప్పాడు, ఆ బండి ఎద్దుల్లో ఒకటి దామలచెరువు దారిలో చచ్చిపోతే మా అమ్మ తాళిబొట్టు గొలుసు అమ్మి ఇంకో ఎద్దు కొన్నారట. యాభై మూడేళ్ల వయసులో నాకు తెలిసింది.

కొర్లగుంట కీబోర్డు:
అన్నా, ఈ మాట చదివి నేను మా నాయనకి ఫోన్ చేశాను, ఇప్పుడే పెట్టాను.

నర్సక్కా, మీ పాప గురించి ఒకటి చెప్పాలి. మాకు పెళ్లిళ్లలో జరిగేది ఇదే. కొత్తగా పాడేవాళ్లకి భయంతో గొంతు బిగుస్తుంది, పాట రికార్డులో ఉన్న శ్రుతిలోనే, అంటే అంత ఎత్తులోనే, పాడాలని పట్టుబడతారు, పై స్థాయికి వెళ్లేసరికి గొంతు చీరుకుపోతుంది, అంతే, ఇంక జన్మలో మైకు పట్టుకోరు. కీబోర్డులో ఒక్క మీట నొక్కితే శ్రుతి దిగిపోతుంది అక్కా. పాట అదే, సుఖం వేరు. పిల్లల గొంతుకి ఏది సరిపోతుందో చూసి పాడించడమే మేము చెయ్యాల్సింది. చాలామందికి ఈ మాట చెప్పేవాళ్లే ఉండరు.

మా వీధిలో ప్రతి ఏడాదీ వినాయక చవితికి పందిట్లో పాటలు పెడతాం. పోటీ లేదు, బహుమతి లేదు, వచ్చినవాళ్లు పాడతారు. ముందు ఆదివారాలు మా ఇంట్లో ప్రాక్టీసు, మా అమ్మ, చెల్లెలు ఉంటారు, మీరు కూడా వచ్చి కూర్చోండి. మైకు లేకుండా మొదలుపెడదాం.

పీలేరు నర్సమ్మ:
తమ్ముడూ, ఏం రాయాలో తెలియడం లేదు. నీ పోస్టు పాపకి చదివి వినిపించాను ఫోన్లో. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఎంతమంది ఉంటారు అని అడిగింది.

కొర్లగుంట కీబోర్డు:
మా అమ్మ, చెల్లెలు, నేను, తబలా వాయించే మా ఫ్రెండు. మీతో కలిపి ఆరుగురు. తబలా వద్దంటే వాణ్ణి తర్వాత పిలుస్తాను.

భవానీనగర్ టైలరక్క:
నేనూ వస్తాను అంటే ఏడుగురవుతారు, వద్దులే, పందిరి రోజు వస్తాను. నర్సమ్మ గారూ, పాపకి లంగా ఓణీ నేను కుడతాను, కొలతలకి ఒకసారి షాపుకి పంపండి. ఆ చంద్రగిరి అమ్మాయి చేత కటింగ్ చేయిస్తాను, ఇప్పుడు కటింగ్ అంతా తనదే.

రేణిగుంట రైల్వే:
పోటీ లేదన్నారు కాబట్టి నేనూ వస్తాను. డ్యూటీ చూసుకుని చెప్తాను.

ఇంకోటి. నిన్న రాత్రి షిఫ్టు అయ్యాక మా వాళ్లలో ఒకణ్ణి టీకి తీసుకెళ్లాను. పోయిన నెల వాణ్ణి గట్టిగా అన్నాను, అది అడిగాను. వాడు ప్రతి మాటా అప్పగించాడు. నేను అన్నవి నాకే గుర్తులేవు, వాడికి అన్నీ గుర్తున్నాయి.

పీలేరు నర్సమ్మ:
కొర్లగుంట తమ్ముడికి: పాప వస్తానంది. ఆదివారం సాయంత్రం నేను పీలేరు బస్సులో వచ్చి, హాస్టల్ నుంచి తనని తీసుకుని ఆరింటికల్లా మీ ఇంటికి చేరతాం. తబలా ఉండొచ్చట. రెండు పాటలు అనుకుంటోంది, ఏవో చెప్పడం లేదు.

కొర్లగుంట కీబోర్డు:
సరే అక్కా. ఏ పాటలైనా పర్వాలేదు. ఇంట్లో ఊరికే పాడుకునేటప్పుడు ఏ శ్రుతిలో పాడుతుందో తెలుసా?

పీలేరు నర్సమ్మ:
అడిగాను. తంబుర యాప్ పెట్టుకుని ఐదున్నరలో పాడుతుందట, కానీ చరణం పైకి వెళ్తే కష్టంగా ఉంటుందట.

కొర్లగుంట కీబోర్డు:
అయితే ఐదులో పెట్టి ఉంచుతాను.